కెమెరా పెట్టె కూర్చునే సీటు

ఒటీలియె హెంగారి ఉద్యోగం మనుషులను తూచడం. త్రాసు పట్టుకుని కాదు. విండ్‌హుక్‌లో ఎత్తు వీధిలో ఉన్న ఒక పాత ఇంటి ముందుగదిలో కూర్చుని, చిన్న విమానంలో ఎడారినీ ఏనుగులనూ చూడ్డానికి వచ్చే దేశదేశాల వాళ్ళ చేత బరువు చెప్పించడం. నిజం ఎవరూ చెప్పరు. ఆడవాళ్ళు కాస్త తగ్గిస్తారు, మగవాళ్ళు బాగా తగ్గిస్తారు, పైగా రోజూ పొద్దున్నే పరుగెత్తుతామని రాస్తారు. పరుగు మాట ఎత్తినవాడికి ఆమె ఇంకో నాలుగు కిలోలు కలిపేది. విమానం గాలిలోకి లేవాలంటే ఆ కూడిక తప్పదు.

ఏ దిబ్బ మీద పొద్దుటి ఎండ బాగుంటుందో, సముద్రపు ఒడ్డున మంచు ఎప్పుడు విడుతుందో, ఏనుగులు ఏ నెలలో నది ఏ వంపు దగ్గర ఉంటాయో ఆమెకు కంఠతా వచ్చు. తాను మాత్రం ఎన్నడూ విమానం ఎక్కలేదు. ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు. పొద్దస్తమానం వండేవాళ్ళకు తినబుద్ధి కాదు కదా, అలాంటిదే.

ఆ బుధవారం పొద్దున రేడియో ముందు కూర్చుంది. దూరాన ఉన్న క్యాంపులన్నీ ఒకదాని తర్వాత ఒకటి పలుకుతాయి. వాన పడిందా, ఎయిర్‌స్ట్రిప్ ఎలా ఉంది, విమానాలకు నూనె ఎంత ఉంది. ఇసుక దిబ్బల దగ్గర వాన పడిందనీ, నేల మెత్తగా ఉందనీ చెప్పారు. ఆమె రాసుకుంది. ఆ తర్వాత ఉత్తరాన నది ఒడ్డు క్యాంపు పలికింది. మాట్లాడేది ఎలీఫాస్, అక్కడి గైడు.

"మేమే ఒటీలియె, గదిలో నీతోపాటు ఇంకెవరైనా ఉన్నారా?" అన్నాడు.

ఆ దేశంలో పెద్ద ఆడవాళ్ళను మేమే అంటారు. ఎలీఫాస్ ఎప్పుడూ అలాగే పిలుస్తాడు. గదిలో ఎవరున్నారని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

"సల్మీ ఉంది. చెప్పు."

"రాత్రి మీ అమ్మ పోయింది. నిద్రలోనే. మీ మామ తెల్లారగట్ల నడిచొచ్చి నాకు చెప్పాడు."

రేడియోలో గరగర వినిపించింది. ఒటీలియె పెన్సిలు పట్టుకునే ఉంది. ఎదుటి గోడకు తగిలించిన పెద్ద పటంలో నది నీలంగా వంపులు తిరిగి ఉంది. ఆ వంపు పక్కనే ఓటుజేకా. ఊరని పటంలో లేదు. ఏడెనిమిది ఇళ్ళకు ఊరని ఎవరు రాస్తారు? ఆమె పుట్టింది అక్కడే.

"విన్నావా మేమే?"

"విన్నాను. ఖననం ఎప్పుడు?"

"శుక్రవారం పొద్దున అన్నాడు మీ మామ. అంతకన్నా ఉంచలేరు. నది దాటించి ఒపువో పట్నంలో శవాల గదికి పంపడానికి లేదు, నీళ్ళు నడుముదాకా ఉన్నాయి. మేము ఐసు పంపుతున్నాం. మిషను ఆపకుండా తిప్పుతున్నాం."

"సరే," అంది ఒటీలియె. "నూనె ఎన్ని పీపాలుంది?"

ఎలీఫాస్ పీపాల లెక్క చెప్పాడు. ఆమె రాసుకుంది. అంకె గుండ్రంగా, ఎప్పటిలాగే వచ్చింది. అది చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది. చేతికి ఇంకా కబురందలేదు కాబోలు అనుకుంది.

పక్క బల్ల దగ్గర సల్మీ లేచి నిలబడింది. ఈ పిల్ల ఉత్తరాది ఒవాంబో తెగ పిల్ల. హోటల్ గదులు కుదర్చడం దాని పని. నోరు ఊరుకోదు.

"ఒటీ అక్కా, లే. నేను చూసుకుంటాను. లేచి ఏడు."

"రావట్లేదే."

"ఏంటి రావట్లేదు?"

"ఏడుపు. తర్వాత వస్తుందేమో. ఇసుక దిబ్బల దగ్గర నేల మెత్తగా ఉంది, వెటర్లీ వాళ్ళ ప్లాను మార్చాలి."

వెటర్లీ వాళ్ళంటే ఆ మధ్యాహ్నం దిగబోయే స్విస్ వాళ్ళు. భార్యాభర్తలు, భర్త తమ్ముడు, మరదలు. మర్నాడు పొద్దున వాళ్ళ విమానం బయలుదేరాలి. ముందు దక్షిణాన దిబ్బలు, తర్వాత ఒడ్డు వెంబడి ఉత్తరాన నది క్యాంపు, చివర ఎటోషా ఉప్పు మైదానంలో సింహాలు. ఒటీలియె ఆ వరుస తిప్పేసింది. ముందు ఉత్తరం, తర్వాత దిబ్బలు. నేల మెత్తగా ఉన్నమాట నిజం. మామూలు రోజైతే సాయంత్రందాకా ఆరుతుందేమో చూసేది. ఆ రోజు చూడలేదు. అబద్ధం ఆడలేదు, నిజాన్ని కాస్త ముందుగా ఒప్పుకుంది, అంతే.

తిప్పేశాక సీట్లు చూసింది. పైలట్‌ను తీసేస్తే అయిదు. నలుగురు మనుషులు. అయిదో సీటుకు ఎదురుగా తానే రాసిన మాట ఉంది. కెమెరా పెట్టె.

వెటర్లీ దగ్గర పొడుగాటి లెన్సులున్నాయి. గట్టి పెట్టె, మెత్తని సంచుల మధ్య కుక్కడానికి వీల్లేదు. దానికో సీటు కావాలన్నాడు. కొన్నాడు. బెల్టు పెట్టి కట్టేయాలని పైలట్‌కు సూచన కూడా ఆమే రాసింది.

ఆల్మూట్ రేబైన్ వెనక గదిలో ఉంది. ఆఫీసు ఆమెది. ఆ గడ్డ మీదే పుట్టిన జర్మన్ మనిషి. చెడ్డదని ఎవరూ అనరు. క్రిస్మస్‌కు అందరికీ మాంసం పంచుతుంది, పిల్లల చదువులు అడుగుతుంది. ఒటీలియె గుమ్మంలో నిలబడి చెప్పింది. ఆల్మూట్ లేచి వచ్చి ఆమెను పొదివి పట్టుకుంది. కళ్ళు తడి చేసుకుంది కూడా. ఒటీలియె కళ్ళు పొడిగా ఉన్నాయి.

"మేడమ్, రేపు విమానం ఉత్తరానికి పోతోంది. అయిదో సీటు ఉంది."

"ఖాళీ లేదుగా?"

"కెమెరా పెట్టెకిచ్చాం."

ఆల్మూట్ చేతులు వదిలింది. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "ఒటీ, నాకెంత బాధగా ఉందో నీకు తెలుసు. కానీ ఆ సీటు వాళ్ళు కొన్నారు. విమానమే మొత్తం వాళ్ళది. మా అమ్మాయిని మీ పక్కన కూర్చోబెట్టుకోండి అని ఎలా అడగను? ఒకసారి మొదలుపెడితే దానికి అంతుండదు. సెలవు తీసుకో, ఎన్ని రోజులైనా సరే. నా బండి పట్టుకెళ్ళు, పెద్దది."

"నది వచ్చింది మేడమ్."

"ఏ నది?"

"దారిలో ఉన్న రెండూ."

ఆల్మూట్ పటం వైపు చూసింది, కిటికీ వైపు చూసింది. కుర్చీలో కూలబడి చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. "దేవుడా," అంది మెల్లగా. మనుషులు చేయగలిగింది చేయనప్పుడు అంత పెద్దాయన మీద పడేయడం ఎక్కడైనా ఉన్నదే.

ఒటీలియె "సరే మేడమ్" అని ముందుగదిలోకి వచ్చింది. సల్మీ అంతా విన్నది.

"పెట్టెకో సీటు," అంది సల్మీ. "దానికి బెల్టు. దానికి కిటికీ కూడానా అక్కా? దారిలో ఓడలు చూస్తుందేమో."

"ఊరుకో."

"పదకొండేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరికీ సీట్లు పంచావు. వడ్డించేదానివి నువ్వే, నీ ఆకులోనే ఏమీ లేదు."

ఒటీలియె కాగితం వైపు తిరిగింది. వెటర్లీ తమ్ముడి బరువు మళ్ళీ చూసుకుంది. పరుగెత్తుతానని రాశాడు. నాలుగు కిలోలు కలిపింది.

*

అతిథులకు ప్లాను వివరించడం ప్రతిసారీ సాయంత్రం టీ వేళకే. గెస్ట్ హౌస్ వరండాలో బల్ల మీద పటం పరచి, నాలుగు మూలలా కప్పులు పెట్టి, ఒటీలియె మొండి పెన్సిలుతో దారి చూపిస్తుంది. ఆల్మూట్ పక్కన కూర్చుని నవ్వుతుంది. ఆ రోజూ అంతే. సల్మీ వెళ్ళొద్దంది. వెళ్ళకపోతే ఇంట్లో గోడకెదురుగా కూర్చోవాలి, దానికన్నా ఇదే నయమనుకుంది.

వెటర్లీ ఎత్తరి, తెల్లజుట్టు, చేతులు శుభ్రంగా ఉన్నాయి. బరువు ఆమె అనుకున్నంతే ఉన్నాడు. భార్య రెగులా పొట్టిది, ప్రతిదానికీ తల ఊపుతుంది. తమ్ముడూ మరదలూ ఒకరి కుర్చీ మీదికి ఒకరు వాలి పటం చూస్తున్నారు.

"ఇక్కడ ఒడ్డు తగులుతుంది," అంది ఒటీలియె. "మంచు ఉంటే పైనుంచి, లేకపోతే కిందనుంచి. ఈ చోట పాత ఓడ ఇసుకలో కూరుకుపోయి ఉంది, ఎడమవైపు కూర్చున్నవాళ్ళకి కనిపిస్తుంది. ఇక్కడ సీల్ జంతువులు. ఇక్కణ్ణుంచి లోపలికి తిరిగితే నది. ఈ ఏడు నీళ్ళొచ్చాయి."

గొంతు ఎప్పటిలాగే నడిచింది. అది తన గొంతేనని వింటున్నప్పుడు గుర్తుపట్టింది.

"ఎల్లుండి పొద్దున ఇంకో విశేషముంది," అని ఆల్మూట్ ముందుకు వంగింది. "ఇది ఏ బ్రోషర్‌లోనూ దొరకదు. మధ్యాహ్నం క్యాంపు మేనేజరు ఫోన్లో చెప్పాడు. పక్క ఊళ్ళో ఎవరో పెద్దావిడ పోయిందట. హెరెరో తెగ వాళ్ళ ఖననం. ఆడవాళ్ళంతా ఆ పొడుగు గౌన్లలో, కొమ్ముల తలపాగాలతో వస్తారు, నడిచి, గాడిదల మీద. లోయ నిండా. అలాంటిది చూడాలంటే అదృష్టముండాలి. కావాలంటే మీ ప్లానులో పెట్టిస్తాను."

వెటర్లీ కప్పు కింద పెట్టాడు. "ఫొటోలు తీయనిస్తారా?"

"ఒటీలియె కనుక్కుంటుంది. ఆమె కూడా హెరెరోనే."

అందరూ ఆమె వైపు తిరిగారు. పెన్సిలు ఓటుజేకా దగ్గరే ఆగి ఉంది. పటంలో పేరు లేనిచోట. పదకొండేళ్ళు ఆ చోటికి విమానాలు పంపింది. ఆ ఊరు ఎవరిదని ఈ ఆల్మూట్ ఒక్కసారి అడిగి ఉంటే ఈ వరండాలో ఈ మాట వచ్చేదే కాదు. కోపం రావాల్సింది. కోపం ఉండే చోట తడిమి చూసుకుంది, ఏమీ తగల్లేదు.

"చావింటికి తిన్నగా వెళ్ళకూడదు," అంది. "దూరంగా చెట్టు కింద కూర్చోవాలి. ఆ ఇంటి మనిషి వచ్చి లేపి తీసుకెళ్తే అప్పుడు లోపలికి. పోయిన పెద్దల నిప్పు ఒకటుంటుంది, దానికీ ఇంటి గుమ్మానికీ మధ్య నడవకూడదు. ఇంటి మనిషి తోడు లేకపోతే ఎవర్నీ రానివ్వరు."

"క్యాంపులో గైడున్నాడు కదా, ఎలీఫాస్?" అంది ఆల్మూట్.

"అతను డమారా తెగవాడు. ఆ ఇంటి మనిషి కాడు."

"మరి ఎవరు తీసుకెళ్తారు?"

"ఆ ఇంటివాళ్ళలో కొడుకు నది అవతల ఆగిపోయాడు. కూతురు ఇక్కడే ఉంది." పెన్సిలు పటం మీద పెట్టేసింది. "పోయినావిడ మా అమ్మ."

రెగులా చేయి నోటి మీదికి పోయింది. ఆల్మూట్ మెడ మీద ఎర్రగా మచ్చలు లేచాయి. పొద్దున ఆ వార్తకే కదా తాను కంటతడి పెట్టుకుంది. రెండు చావులూ ఒకటేనని ఆమెకు తోచలేదు.

ముందు తేరుకున్నది వెటర్లీ. మర్యాదగా, మెల్లగా అన్నాడు. "అయితే మీరు వెళ్ళాలి. తప్పకుండా వెళ్ళాలి. నా పెట్టె ఇక్కడే వదిలేస్తాను. ఒక్క కెమెరా మెడలో వేసుకుంటాను, చాలు. మీరు మాతో రండి." కప్పు మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "అప్పుడు మమ్మల్ని తీసుకెళ్ళేవాళ్ళు కూడా ఉంటారు."

బేరమని ఎవరూ అనలేదు. బేరంలో ఆ మాట ఎవరూ అనరు.

"సరే," అంది ఒటీలియె.

తిరిగి వస్తుంటే బండిలో ఆల్మూట్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని రోడ్డు చూస్తూ అంది. "ఒటీ, అది మీ ఊరని ఎప్పుడూ చెప్పలేదే?"

"మీరు అడగలేదు మేడమ్."

"సరే, ఏదైనా మంచికే జరిగింది. వెళ్తున్నావుగా." ఆఫీసు వీధిలోకి తిరుగుతూ, "ప్లానులో ఒక ముక్క రాసిపెట్టు," అంది.

ఆఫీసుకు వచ్చి రాసింది. శుక్రవారం పొద్దున, హెరెరో కుటుంబంతో. స్థానికుల జీవితాన్ని దగ్గరగా చూసే అవకాశం. ఈ రెండో వాక్యం ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో కట్టింది. అప్పటినుంచి ఎన్ని ప్లానులలో పెట్టిందో లెక్కలేదు. ఇప్పుడూ అదే వేళ్ళ మీదికి వచ్చింది. ఆపి చూసుకుందామన్నా ఆగలేదు.

*

పొద్దున హ్యాంగరులో పైలట్ డేవాల్ట్ త్రాసు ముందుకు జరిపాడు. ఇది నిజమైన త్రాసు, బాత్రూములో ఉండేలాంటిది. అతిథులొక్కొక్కరూ సంచి పట్టుకుని ఎక్కి దిగారు. ఒటీలియె వంతు వచ్చింది. ఆమె చేతిలో మెత్తటి సంచి. అందులో నల్ల గౌను, లోపలి పావడాలు, తలపాగా గుడ్డ. ఆ గౌనుకు పట్టే గుడ్డతో ఇంటికి తెరలు కుట్టొచ్చు.

డేవాల్ట్ కాగితం చూశాడు. "మేమే, ఇక్కడ అరవై రాశారు."

"ఊఁ."

"త్రాసు అరవై ఆరంటోంది. సంచి తీసేసినా అరవై రెండు."

ఒటీలియె వంగి ముల్లును చూసింది. నిన్న సాయంత్రం తన బరువు తానే రాసుకుంది. ఆలోచించకుండానే తగ్గించి రాసింది. ఊరంతటి అబద్ధాలకు నాలుగేసి కిలోలు కలిపిన చేయి, తన దగ్గరికొచ్చేసరికి అందరిలాగే చేసింది.

"మీరూనా?" అన్నాడు డేవాల్ట్.

ఆమెకు నవ్వు రాబోయింది. రాలేదు. పెదాలదాకా వచ్చి ఆగిపోయింది.

హ్యాంగరు మూల వెటర్లీ పెట్టె ఒంటరిగా నిలబడి ఉంది. వెటర్లీ దాన్ని రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఆయనకు అది కష్టమే, కాదనలేం.

విమానం లేచింది. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికి ఎగిరినట్టని వాళ్ళమ్మ ఉంటే అనేది, హెరెరోలో దానికి సరిపడే మాట ఇంకేదో ఉంది. ఒటీలియె వెనక సీట్లో ఒక్కతే, ఒళ్ళో సంచి, నడుముకు పెట్టె కోసం కొన్న బెల్టు. కింద ఎర్ర కొండలు, తర్వాత బూడిదరంగు రాతి నేల, తర్వాత ఒడ్డు. తాను వందలసార్లు రాసిన ఓడ ఎడమవైపునే కనిపించింది. అందరూ కిటికీల మీద పడ్డారు. రాసినంత పెద్దది కాదది. ఆమెకు ఏమీ అనిపించలేదు. అమ్మకు ఓడ సంగతి ఎప్పుడూ చెప్పలేదని మాత్రం గుర్తొచ్చింది. చెప్పడానికి ఏముంది, చూడలేదు కదా.

క్యాంపులో ఎలీఫాస్ ఆమె చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆ పూటే ఊరికి తీసుకెళ్ళాలని చూశాడు. బండి ఒక్కటే ఉంది, అతిథులను ఏనుగుల దగ్గరికి తీసుకెళ్ళాలి. మేనేజరు అదే మాట కాస్త మర్యాదగా చెప్పాడు. నడిచి పోదామంటే ఆ పూట దారి పక్క రెల్లులోకి ఏనుగులు దిగాయి. ఒటీలియె పనివాళ్ళ గదుల దగ్గర మెట్టు మీద కూర్చుని గౌనుకు ఊడిన బొత్తాలు కుట్టుకుంది.

సాయంత్రం నది ఒడ్డున అతిథులకు గ్లాసులు పోస్తుంటే వెటర్లీ ఐసు అడిగాడు.

"లేదు సార్," అన్నాడు ఎలీఫాస్.

"ఇంత వేడిలో ఐసు లేదా?"

"ఈ రెండు రోజులూ లేదు సార్. వేరేచోట కావాల్సొచ్చింది."

వెటర్లీ గ్లాసు అలాగే తాగాడు. రెగులా ఎలీఫాస్ ముఖం చూసింది, తర్వాత అంత దూరంలో మెట్టు మీద ఉన్న ఒటీలియెను చూసింది. గ్లాసు తాగకుండా ఇసుకలో పెట్టేసింది.

*

శుక్రవారం ఎండ ఇంకా కొండ దిగకముందే బండి ఓటుజేకా చేరింది. గొడ్లదొడ్డి చుట్టూ ఏడెనిమిది ఇళ్ళు. గాడిదలు కట్టేసి ఉన్నాయి. ఆడవాళ్ళు నల్ల గౌన్లలో పెద్ద ఇంటి చుట్టూ చేరారు. మగవాళ్ళు కర్రలు పట్టుకుని నిప్పుల దగ్గర కూర్చున్నారు. బండి చప్పుడుకు ఎవరూ తల తిప్పలేదు.

ఒటీలియె గౌను కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని దిగింది. తలపాగా కొమ్ములు పొద్దుటే సరిచేసుకుంది. అతిథులను దొడ్డికి ఇవతలి చెట్టు కిందికి తీసుకెళ్ళింది. "ఇక్కడ కూర్చోండి. నేలమీదే. పిలిచేదాకా లేవకూడదు."

"కెమెరా?" అన్నాడు వెటర్లీ.

"అది కూడా కూర్చోవాలి."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. నలుగురూ కూర్చున్నారు. తమ్ముడికి మోకాళ్ళు వంగలేదు, పరుగు సంగతి అప్పుడు తేలిపోయింది.

ఒటీలియె మేనమామ గెర్సన్ పెద్దల నిప్పు దగ్గరున్నాడు. నిలబడలేదు. ఆమె నిప్పును తప్పించుకుని, చుట్టూ తిరిగి వచ్చి ఆయన ముందు మోకరించింది. ఆయన చెంబు ఎత్తి నోటినిండా నీళ్ళు తీసుకుని ఆమె ముఖం మీద ఉమ్మాడు. దూరదేశం నుంచి వచ్చిన బిడ్డకు చేసేది అది. చల్లటి నీళ్ళు బుగ్గల మీదుగా మెడలోకి పోయాయి.

"వచ్చింది," అన్నాడు నిప్పుతో, అందులో ఉన్న పెద్దలతో. "మీ బిడ్డ వచ్చింది. చూసుకోండి."

పిన్ని వచ్చి భుజం పట్టి ఇంట్లోకి నడిపించింది. గుమ్మం దాటగానే లోపలి ఆడవాళ్ళంతా ఏడుపెత్తుకున్నారు. ఎవరు కొత్తగా వచ్చినా ఎత్తుకుంటారు. వచ్చినవాళ్ళు అందులో గొంతు కలపాలి. ఒటీలియె నోరు తెరిచింది. ఏమీ రాలేదు. అమ్మ దుప్పట్లో ఉంది. పక్కన సంచీ గుడ్డలు తడిసి, కింద నేల తడిసి ఉంది. ఐసు కరిగిన నీళ్ళు గాడి చేసుకుని గుమ్మం వైపు పారుతున్నాయి. ఆమె వంగి అమ్మ పాదం పట్టుకుంది. క్యాంపు ఫ్రిజ్జులో సీసా ఎంత చల్లగా ఉంటుందో అంత చల్లగా ఉంది.

"ఏడవవేం తల్లీ?" అంది పిన్ని చెవిలో.

"రావట్లేదు పిన్నీ."

"అది దాని టైముకు వస్తుంది. దాన్ని ఎవరూ పిలవలేరు."

కాసేపటికి మామ ఆమెను బయటికి పిలిచాడు. గొయ్యి తవ్వడం అయిందన్నాడు. ఎత్తేముందు ఒక మాట అడగాలన్నాడు. కర్రతో చెట్టు వైపు చూపించాడు.

"ఆ కూర్చున్నవాళ్ళెవరు? నీ మనుషులా?"

"నాతో వచ్చారు మామా."

"మరి అక్కడెందుకు కూర్చోబెట్టావు? చావుకొచ్చినవాళ్ళని చెట్టు కిందే వదిలేస్తే మన ముఖం ఏం బాగుంటుంది? పోయి పిలుచుకురా. చోటు చేయమంటాను."

మగవాళ్ళు జరుగుతున్నారు. ఎవరో అప్పుడే ఒక బెంచీ తెస్తున్నారు, తెల్లవాళ్ళు కింద కూర్చోలేరని. చెట్టు కింద వెటర్లీ లేచి మోకాళ్ళ మీద ఉన్నాడు. కెమెరా ఒళ్ళో ఉంది, మూత తీసి ఉంది.

ఒక్క మాట అంటే చాలు. అవును, నా మనుషులు. వాళ్ళు వస్తారు, బెంచీ మీద కూర్చుంటారు, అన్నీ చూస్తారు. ప్లానులో రాసినట్టే. ఆమె సీటుకు అదే వెల. ఆదివారం ఆల్మూట్ ఫోన్ చేసి ఎలా జరిగిందని అడుగుతుంది, బాగా జరిగిందని చెప్పొచ్చు. వచ్చే ఏడు ఆ వాక్యం మళ్ళీ వాడొచ్చు. ఇంకెవరో చచ్చిపోతారు.

"చావుకి రాలేదు మామా," అంది ఒటీలియె. "చూడ్డానికొచ్చారు."

గెర్సన్ మామ కర్ర నేలకు ఆనించి కాసేపు ఆలోచించాడు. ఆయన జీవితంలో ఆ రెండూ వేరువేరని ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు.

"చూడ్డానికొచ్చినవాళ్ళకి నీళ్ళూ నీడా ఇస్తాం," అన్నాడు. "నీడ ఉంది. నీళ్ళు నువ్వే పట్టుకెళ్ళు."

బెంచీ తెచ్చినవాడు దాన్ని వెనక్కి తీసుకుపోయాడు.

ఆమె బిందె మీద ముంత పెట్టుకుని చెట్టు దగ్గరికి నడిచింది. పదకొండేళ్ళుగా అతిథులకు కావాల్సినవన్నీ ఆమె కాగితాల మీద పంపింది. చేత్తో ఇవ్వడం ఇదే మొదలు. ముందు రెగులాకు పోసింది.

"మమ్మల్ని ఎప్పుడు పిలుస్తారు?" అన్నాడు వెటర్లీ.

"పిలవరు."

"అదేమిటి? ప్లానులో ఉంది కదా."

"ప్లాను రాసేది నేనే," అంది ఒటీలియె. "తీసేశాను."

ఆయన ముఖం ఎర్రబడింది. గొంతు మాత్రం పెంచలేదు. "చూడండి, నేను నా సీటు ఇచ్చాను. సామాను వదిలేసి వచ్చాను. అంతా మీకోసం."

"ఇచ్చారు. మీవల్లే మా అమ్మ పాదాలు పట్టుకున్నాను. బతికున్నంతకాలం మరిచిపోను." ఆమె ముంత నింపి ఆయనకిచ్చింది. "తిరిగి వెళ్ళేటప్పుడు ఆ సీటు ఖాళీగా ఉంటుంది. నేను రాను. నది తగ్గేదాకా ఇక్కడే. మేడమ్‌కి మీకేం చెప్పాలనిపిస్తే అది చెప్పండి."

"మీ ఉద్యోగం..." అంది మరదలు.

ఎలీఫాస్ బండి చక్రం దగ్గర నిలబడి నదిని చూస్తున్నాడు, ఏమీ విననట్టు.

వెటర్లీ ముంత పట్టుకుని కూర్చుండిపోయాడు. కాసేపటికి నీళ్ళు తాగాడు. కెమెరా మూత జేబులోంచి తీసి, రెండుసార్లు జారినా, చివరికి బిగించాడు. అది మంచితనమో, వెలుతురు పోయిందనో ఎవరికి తెలుసు.

రెగులా టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మీ అమ్మగారి పేరేమిటి?" అని అడిగింది.

ఒటీలియె బిందె ఎత్తుకోబోయి ఆగింది. బుధవారం నుంచి ఎందరో మాట్లాడారు. సీటు గురించి, నది గురించి, ఐసు గురించి. పెద్దావిడ అన్నారు, మీ అమ్మ అన్నారు. పేరు ఎవరూ అడగలేదు. తాను కూడా ఒక్కసారి పైకి అనలేదు.

"వేతూంద్యా," అంది.

రెండో సగం పెదాల మీదే తెగిపోయింది. మళ్ళీ అనబోయింది, రాలేదు. రెగులా ఆ పేరు పెదవులతో అనుకుంది, సరిగ్గా రాలేదు, మళ్ళీ ప్రయత్నించింది. ఒటీలియె తల ఊపి వెనక్కి తిరిగింది.

బిందెలో మిగిలిన నీళ్ళు నడుస్తుంటే తొణికి గౌను తడిపాయి. నిప్పు చుట్టూ తిరిగి వచ్చింది. అప్పటికే అమ్మను ఉంచిన పెట్టెను గుమ్మంలోకి తెచ్చారు. బయటికి వెళ్ళి వచ్చిన మనిషి కొత్తగా వచ్చినట్టే లెక్క. ఆమె గుమ్మం దగ్గరికి రాగానే లోపలి ఆడవాళ్ళు మళ్ళీ ఏడుపెత్తుకోవడానికి ఊపిరి తీసుకున్నారు. వాళ్ళు నోరు తెరిచేలోపే ఒటీలియె గొంతు లేచింది. బిందె కింద పెట్టడం కూడా మరిచిపోయింది. పిన్ని వచ్చి దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుంది.